బావి మలుపులో రాయి

మార్చి 3, 1879. సోమవారం

తేదీ వేసింది ఉర్సులా. నాకైతే సోమవారం అంటే చాలు, బట్టలు ఉతికే రోజని తెలుస్తుంది.

నేను చెబుతాను, ఆమె రాస్తుంది. రాసినందుకు గుడ్లు తీసుకుంటుంది. ఉర్సులా తన ముందుగదిలో ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించి దిద్దించి జుట్టు తెల్లబడ్డ మనిషి. నాకు మాత్రం దిద్దించలేకపోయింది. ఆమె బడి పెట్టేనాటికే నేను తగరపు గని దగ్గర సుత్తితో రాళ్లు పగలగొడుతున్నాను. ఆమెది దొరల చర్చి, మాది గనివాళ్ల చాపెల్. అందుకని ఆదివారాలు మేమిద్దరం మాట్లాడుకోం.

ఈ రాత ఎవరికీ చూపించడానికి కాదు. ఈస్టర్ తర్వాత చర్చి పెద్దల సభలో నేను నోరు తెరవాలి. తెరిచాక అది నా అదుపులో ఉండదు. అందుకని వాదన ముందే కాగితం మీద పెట్టించి, ఉర్సులా చదువుతుంటే విని, కంఠస్థం చేసి వెళ్తాను.

వాదన ఇది. కార్వెన్ పునీతుడి బావికి దారి తిరిగే చోట ఒక రాతి శిలువ ఉంది. నడుమెత్తు రాయి, గుండ్రటి తల, తల మీద అరిగిపోయిన శిలువ. మా గుమ్మంలోంచి కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పాదిరి మిల్‌బ్యాంక్ టేమర్ నది అవతలివాడు, అంటే మాకు పరదేశి. చుట్టుపక్కల ఇలాంటి రాళ్లన్నీ ఏరుకొచ్చి చర్చి ఆవరణలో వరసగా నాటుతున్నాడు, క్యాబేజీ మొక్కల్లాగా. హోస్కింగ్ గారి పందులదొడ్డి గోడలోంచి ఒకటి తీశాడు. వాగు మీద మేమంతా తొక్కి దాటే రాయిని తిరగేస్తే అదీ శిలువేనట. దాన్నీ పట్టుకుపోయి, బదులుగా ఒక చెక్క పలక వేయించాడు. మొదటి వానకే అది సముద్రానికి బయల్దేరింది. ఇప్పుడు మా బావి రాయి కావాలట.

ఇవ్వను. ఎందుకంటే అది మా గేటు స్తంభం.

ఉర్సులా 'పాదిరి' పక్కన 'గౌరవనీయులైన' అని చేర్చిందని మాటల్లో బయటపడింది. కొట్టేయమన్నాను. కొట్టేశానంటోంది. నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?

మార్చి 5, బుధవారం

ఉర్సులా చదివి వినిపించింది. బాగుందనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి, "జెన్నా, గేటేది?" అంది.

"ఏ గేటు?"

"ఆ స్తంభానికి వేలాడే గేటు."

"ఉండేది. మా అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు ఉండేదట."

"ఇప్పుడు?"

"ఒక చలికాలం పొయ్యిలోకి పోయింది. కానీ గేటు బందు కోసం రాయికి తొలిచిన కన్నం అలాగే ఉంది. అదే నా సాక్షి."

"ఆ కన్నాన్ని సభకు నడిపించుకొస్తావా?"

గేటు మాట కొట్టేయమన్నాను. ఇంకో కారణం చూడాలి.

మార్చి 10, సోమవారం

నిన్న ఆదివారం, రాయించకూడదు కనుక ఇవాళ. నిన్న పాస్కో నీళ్లు తెచ్చాడు. అంతే.

మార్చి 17, సోమవారం

వాన. పాస్కో నిద్రపోతున్నాడు. అందుకని ఇప్పుడు చెబుతున్నాను, మెల్లగా రాయి.

పాస్కో మా ఆయన. ఆయనకు కళ్లు కనిపించవని ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. గనిలో మందుగుండు ముందే పేలిన రోజు నుంచి అంతే. గుమ్మంలో నిలబడి, "ఇవాళ కాస్త మబ్బుగా ఉందే జెన్నా," అంటాడు. ఆగస్టు మధ్యాహ్నం కూడా మబ్బే. నేను కూడా అవును మబ్బే అంటాను. ఎండలో నిలబడి మబ్బు అనడానికి ఎంత నటన కావాలో నాకు తెలుసు. చాపెల్‌లో నాటకాలు పాపం అంటారు. మా ఇంట్లో రోజూ ఆడుతున్నాం.

ఇంటిపనుల్లో ఆయనది ఒక్కటే, నీళ్లు తేవడం. కుడిచేత్తో మట్టి కూజా పట్టుకుని, ఎడమ చెయ్యి రాతికంచె మీద ఆనించి వెళ్తాడు. కంచె అయిపోయిన చోట ఈ రాయి ఉంది. దాని గుండు మీద అరచెయ్యి పెడితే బొటనవేలు శిలువ రెక్కకు తగులుతుంది. తగిలిన వైపుకు తిరిగితే మెట్లు, బావి. రెండో వైపుకు తిరిగితే పాత గని. అక్కడ గుంతలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, చుట్టూ కంచె లేదు, పైన పసుపుపూల ముళ్లపొద. హోస్కింగ్ గారి మేక ఒకటి పడితే, కింద తగిలిన చప్పుడు వినబడడానికి మేం కాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది.

బావికీ ఆ గుంతలకూ మధ్య ఉన్నది ఈ రాయే.

మరి సభలో ఈ మాటే చెప్పొచ్చు కదా అంటుంది ఉర్సులా. చెబితే ఏమవుతుందో నేను చెబుతాను. పాదిరి చెడ్డవాడైతే బాధ లేకపోయేది. మంచివాడు. "అయ్యో పాపం" అని తన పనిమనిషి చేత రోజూ రెండు పూటలా నీళ్లు పంపిస్తాడు. హోస్కింగ్ భార్య సూప్ పంపుతుంది. రాయి ఎలాగూ పోతుంది. పాస్కో పొయ్యి పక్క కుర్చీలో కూర్చుంటాడు. గని నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్న మగవాళ్లను నేను చూశాను. మా అన్న కూర్చున్నాడు. ఎక్కువకాలం కూర్చోలేదు.

కాబట్టి పాస్కో పేరు సభలో రాదు. ఈ పేజీ నాకు మళ్లీ చదివి వినిపించకు.

కారణం కింద ఆవును రాయి. ఆ రాయికి ఒళ్లు రుద్దుకుంటే తప్ప మా ఆవు పాలివ్వదు.

మార్చి 25, మంగళవారం

పాదిరి వచ్చాడు. గొడుగు గుమ్మం బయటే పెట్టి, బూట్లు తుడుచుకుని, తలవంచి లోపలికొచ్చాడు. ముందే కాస్త మెత్తబడ్డాను. కుంకుమపువ్వు రొట్టె పెట్టాను. రెండోది కూడా అడిగి తిన్నాడు. ఇలాంటివాడితో పోట్లాడడం కష్టం.

పాస్కో పొయ్యి దగ్గర వల అల్లుతున్నాడు.

"అమ్మా, ఆ శిలువ వెయ్యేళ్ల నాటిది. పశువులు రుద్దుకుని అరగదీస్తున్నాయి. చర్చిలో పెడితే అందరూ చూస్తారు, అది భద్రంగా ఉంటుంది. మీకు అభ్యంతరం ఎందుకో నిజం చెప్పండి, నేను వింటాను."

నిజంగానే వినేలా ఉన్నాడు. నోటి దాకా వచ్చింది. పాస్కో చేతిలో వల సూది ఆగింది.

"ఆవు," అన్నాను.

"ఆవా?"

"రుద్దుకోకపోతే పాలివ్వదు."

పాదిరి ఖాళీగా ఉన్న మా కొట్టం వైపు చూశాడు. మర్యాదస్తుడు, రొట్టె బాగుందన్నాడు. వెళ్లేటప్పుడు పాస్కోతో, "వస్తానండీ, ఇవాళ ఎండ బాగా కాస్తోంది," అన్నాడు.

"ఆ, కాస్త మబ్బుగా ఉన్నా," అన్నాడు పాస్కో.

పాదిరి వెళ్లాక నన్నడిగాడు: "ఏ రాయి సంగతే అది?"

"హోస్కింగ్ పొలంలోది. నీకెందుకు?"

"నాకెందుకులే," అని వల అందుకున్నాడు.

అదృష్టం, ఆయన ఎక్కువ పట్టించుకునే మనిషి కాదు.

ఏప్రిల్ 2, బుధవారం

నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. కార్వెన్ రాయిని కదిపినవాడి పశువుల పొదుగులు ఎండిపోతాయని మా అమ్మమ్మ చెప్పేదని ముగ్గురు ఆడవాళ్లకు చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను, ఊరంతా పాకాలని. రాయిని లాగే ఎద్దులు తోలాల్సినవాడు హోస్కింగ్. ఆయనకు ఆవులంటే ప్రాణం.

మా అమ్మమ్మ ఎప్పుడూ అలా చెప్పలేదు. ఆవిడ నాతో చెప్పింది ఒకటే, నోరు ముయ్యమని.

ఏప్రిల్ 8, మంగళవారం

నా గొప్ప ఆలోచన ఫలితాలు ఇవి. బావికి ఎవరూ రావడం లేదు, రాయికి చెయ్యి తగులుతుందేమోనని అందరూ ఊరి పంపు దగ్గరికే పోతున్నారు. చాపెల్ బోధకుడు మా ఇంటికొచ్చి, పునీతులనీ శాపాలనీ మాట్లాడే ముసలమ్మలు నరకంలో ఏ మూల కూర్చుంటారో అరగంటసేపు వివరించాడు. తలూపాను. ఆయన వెళ్లగానే బావి దగ్గరికి వెళ్లి, చుట్టూ చూసి, రాయి గుండు మీద చెయ్యి పెట్టి క్షమించమన్నాను. ఎవరైనా చూసి ఉంటే చచ్చేదాన్ని.

హోస్కింగ్ భయపడలేదు. "జెన్నా అత్తా, నా ఆవులకు నీ మాటలు వినే చెవులు లేవులే," అన్నాడు.

ఏప్రిల్ 15, మంగళవారం

సభ అయింది. చెబుతాను, కానీ ముందు టీ తాగనీ.

చర్చి వెనక గదిలో కూర్చోబెట్టారు. తడిసిన ఉన్ని కోట్ల వాసన. పెద్దలంతా బల్ల చుట్టూ, నేను నిలబడి. కంఠస్థం చేసినదంతా ఆ వాసనకే ఎగిరిపోయింది. మొదటి మాటగా గేటు స్తంభం అన్నాను, కొట్టేసిన మాట. ఎవరో నవ్వారు. వెంటనే ఆవు అన్నాను.

హోస్కింగ్ టోపీ చేతిలో తిప్పుతూ, "జెన్నా అత్తా, నీ ఆవు పోయిన ఏడాదే పోయింది కదా. దాని తోలు కొన్నది నేనే," అన్నాడు.

"ఇంకోటి కొంటాను."

"కొన్నాక చూద్దాం మరి."

"ఆవుకు ముందు రాయి ఉండాలి. రాయి లేని ఇంటికి ఏ ఆవు వస్తుంది?"

ఈసారి అందరూ నవ్వారు. నేను కూడా ఇంకెవరైనా ఈ మాట అని ఉంటే నవ్వేదాన్ని.

ఆఖరికి శవాల సంగతి ఎత్తాను. శవపేటిక మోసేవాళ్లు ఆ రాయి దగ్గర దించి, ఒక పాట పాడి, భుజం మార్చుకుంటారు. అది ఊళ్లో ఉన్న ఆచారమే, నా కల్పన కాదు. పాదిరి కాగితంలోంచి తలెత్తి, "కొత్త రోడ్డు వచ్చాక ఆ దారిన ఎవరూ రావడం లేదు కదమ్మా," అన్నాడు.

"నేను వస్తాను," అన్నాను.

అప్పుడు నవ్వు ఆగింది. గెలిచాననుకున్నాను. హోస్కింగ్ గొంతు సవరించుకుని, "ఇప్పుడే కాదు కదా అత్తా," అన్నాడు. మళ్లీ మొదలెట్టారు.

చేతులెత్తమన్నారు. అన్నీ పాదిరి వైపే. ఇల్లు తన పేరున ఉండి పన్ను కడుతుంది కనుక ఉర్సులాకు కూడా అక్కడ చెయ్యెత్తే హక్కుంది. నా వైపు లేచింది ఆ ఒక్క చెయ్యి, వేళ్ల నిండా సిరా. తన చర్చి, తన పాదిరి, తన పక్క బెంచీవాళ్లు చూస్తుండగా.

ఈ మాట రాయనంటోంది. రాయకపోతే రేపటి నుంచి గుడ్లు లేవన్నాను.

ఏప్రిల్ 30, బుధవారం

తీసుకుపోయారు.

పాస్కోకు తెలియకూడదు కదా. పొద్దున్నే ఆయన రెండు చేతులకూ ఉన్ని చిలప తగిలించి ఉండలు చుట్టడం మొదలెట్టాను, లేవడానికి లేకుండా. హోస్కింగ్ ఎద్దులు వచ్చే చప్పుడు వినగానే చాపెల్ పాటలు అందుకున్నాను. వాళ్లు గడ్డపారలతో తవ్వుతున్నంతసేపూ పాడాను. ఉన్న చరణాలు అయిపోతే లేని చరణాలు పాడాను. పాస్కో కూడా మంద్రంలో కలిశాడు, గనివాళ్ల గొంతు. బయట హోస్కింగ్ ఎద్దుల్ని అదిలిస్తున్నాడు, లోపల మేం దేవుణ్ని స్తుతిస్తున్నాం.

"ఇవాళ బాగా పాడుతున్నావే," అన్నాడు పాస్కో.

"మనసు బాగుంది," అన్నాను.

చక్రాల్లేని బల్లబండి మీద రాయిని పడుకోబెట్టి చర్చి దాకా ఈడ్చుకుపోయారు. తడినేల మీద దారి పొడవునా లోతుగా గాడి పడింది. రాయి ఉన్న చోట గుంట. నేను వెళ్లి మట్టి పూడ్చాను. దానివల్ల ఏం లాభమో నన్నడగొద్దు.

మే 1, గురువారం

మే నెల గురువారాల్లో పెళ్లికాని పిల్లలు బావిలో గుండుసూదులు వేసి బుడగలు చూసుకుంటారు, ఎన్నాళ్లకు పెళ్లవుతుందోనని. ఇవాళ వచ్చిన పిల్లలు మా గుమ్మం ముందే అరిచారు, "అత్తా, బావి రాయేది?" అని. చీపురు చూపించి తరిమాను. పాస్కో వినలేదనుకుంటాను.

నిన్న రాత్రి హోస్కింగ్ ఆవు కవల దూడల్ని ఈనింది. అదీ నా శాపం బలం.

మే 3, శనివారం

కూజాను పిండిపెట్టెలో దాచాను. నీళ్లు నేనే పెందలాడే తెచ్చి పోస్తున్నాను.

"కూజా ఏదే?"

"పగిలింది."

"చప్పుడు వినలేదే."

"మెల్లగా పగిలింది."

ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. నిన్న కూడా కూర్చున్నాడు. ఈ మధ్య మబ్బు గురించి అడగడం లేదు.

మే 7, బుధవారం, పొద్దున

గుడ్ల కోసం వచ్చిన ఉర్సులాను పట్టుకుని ఈ రెండు ముక్కలు రాయిస్తున్నాను. పాస్కో ఇవాళ లేవగానే గడ్డం గీసుకున్నాడు. ఆదివారం కోటు ఇమ్మన్నాడు, మా పెళ్లినాటి ఇత్తడి బొత్తాల కోటు. "బుధవారం కోటేంటయ్యా, పునీతుడి పండగ చేసుకుంటున్నావా?" అన్నాను. చలిగా ఉందన్నాడు. ఇచ్చాను. ఎండ మండిపోతోంది.

నేను బజారుకు వెళ్లొస్తాను.

మే 8, గురువారం

నిన్నటిది.

బజారు నుంచి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. పిండిపెట్టె మూత తెరిచి ఉంది, కూజా లేదు. నేలంతా పిండి అడుగులు, గుమ్మం దాకా.

బావి దగ్గర లేడు. గుంతల వైపు పరుగెత్తాను. ఈ వయసులో నేను పరుగెత్తితే కోళ్లు కూడా నడిచి తప్పుకుంటాయి, అయినా పరుగెత్తాను. ముళ్లపొదల్లో బోర్లా పడుకుని ఒక్కో గుంతలోకీ తల వంచి పాస్కో, పాస్కో అని పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది. మేక పడ్డ గుంత దగ్గర పిలవలేదు, ఊరికే విన్నాను. అక్కడ ఎంతసేపున్నానో తెలియదు. ఉర్సులా వచ్చి నా కాళ్లు పట్టుకుని వెనక్కి లాగింది. తన తెల్ల గౌను ముళ్లకు చిరిగింది. కొత్తది కొనిపెడతానన్నాను. నీ ఆవును కొన్నప్పుడే కొందువులే అంది.

అప్పుడు దారి మీద గుర్రబ్బండి వచ్చింది. తోలుతున్నది పాదిరి. పక్కన పాస్కో, ఇత్తడి బొత్తాలు మెరుస్తూ, మోకాళ్ల దాకా తడిసి, ఒళ్లో కూజా.

జరిగింది పాదిరి చెప్పాడు. ఆయన ఇంటి తోటలో పాతరాళ్ల సంఘంవాళ్లు, చాలామంది ఆడవాళ్లు, టీ తాగుతున్నారట. చర్చి ఆవరణ పక్కనే కదా తోట, తను ఆ శిలువల వరస చూపించి ఉపన్యాసం ఇస్తున్నాడట. ఇంతలో పాస్కో వచ్చాడు. బల్లబండి గాడిలో ఒక కాలు పెట్టి, దాని వెంటే నడుచుకుంటూ. వరసలో రాళ్లన్నింటి తలలూ తడిమాడు. ఒకదాని దగ్గర ఆగాడు. కన్నంలో వేలు పెట్టి చూశాడు. గుండు మీద చెయ్యి ఆనించి, బొటనవేలు తగిలిన వైపుకు తిరిగి, టీ బల్లల మధ్యగా నడిచి, "నమస్కారమమ్మా, నమస్కారం," అంటూ నేరుగా పాదిరి తామరకొలనులోకి దిగాడు. వంగి కూజా ముంచుకున్నాడు.

"బావి కాస్త లోతైందే," అన్నాడట.

ఒకావిడ చేతిలో కప్పు జారిపోయిందట. పాదిరి కొలనులోకి దిగి చెయ్యి పట్టుకుని, "పాస్కో గారూ, మా పనిమనిషి మీ ఇంటికి రోజూ నీళ్లు తెస్తుంది, మీరు శ్రమపడొద్దు," అన్నాడట.

"శ్రమేముంది బాబూ," అన్నాడట ఈయన. "రాయి దగ్గర తిరిగితే నీళ్లు. రాయి ఇక్కడికొచ్చింది, నేనూ ఇక్కడికే వస్తా. రోజూ వస్తా. ఈ పూటే వస్తే మీకు కుదురుతుందా?"

ఇదంతా చెబుతున్నప్పుడు పాదిరి నా ముఖం చూడలేదు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "అమ్మా, మీరు ఆవు అన్నారు," అన్నాడు.

"అవును, ఆవు అన్నాను," అన్నాను.

"వచ్చే వారం గురువారానికల్లా రాయి దాని చోట ఉంటుంది," అని బండెక్కాడు.

కూజాలో చూస్తే ఒక బంగారు రంగు చేప తిరుగుతోంది. పాదిరిదే. పిలిచి ఇచ్చేద్దామనుకునేలోపు ఆయన వెళ్లిపోయాడు.

పాస్కోకు ముసలితనంతో మతి చలించిందని నాకు అర్థమైంది. గాడి పట్టుకుని ఎటో పోయాడు పాపం, అదే బావి దారి అనుకుని. పొడి బట్టలు కట్టి పడుకోబెట్టాను. హాయిగా నిద్రపోయాడు. నాకు పట్టలేదు.

మే 15, గురువారం

రాయి వచ్చింది. హోస్కింగ్ తోలిన అవే ఎద్దులు. శిలువలు తూర్పు ముఖంగా ఉండాలని పాదిరి పుస్తకంలో ఉందట, అలాగే నాటబోయారు. అలా నాటితే బొటనవేలు గుంతల వైపు తగులుతుంది. నేను గడ్డపార లాక్కుని గుంటలో నిలబడ్డాను. ఈసారి ఆవనలేదు, గేటనలేదు. పాదిరి నా చెయ్యి పట్టుకుని రాయి గుండు మీద పెట్టి, "ఎటు తగలాలో మీరే చూపించండి," అన్నాడు. చూపించాను. ఎద్దులతో మళ్లీ తిప్పించారు.

చేపను బావిలో వదిలేశాను, కుండలో పెట్టి ఎన్నాళ్లని చూడను. గుండుసూదులు వేయడానికొచ్చిన పిల్లలు నీళ్లలో బంగారు చేపను చూసి కెవ్వున అరిచి పారిపోయారు. సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోయింది, రాయి తిరిగొచ్చినందుకు కార్వెన్ పునీతుడు చేప రూపంలో పైకొచ్చాడని. చాపెల్ బోధకుడు రేపు మా ఇంటికొస్తున్నాడు. ఈసారి నాకేం తెలియదు.

మే 19, సోమవారం

ఉతికే రోజు. ఉర్సులా కూడా కూర్చుంది, ఈ కాగితాలు ఇంక దేనికని అడుగుతూ. పొయ్యిలో వేస్తానన్నాను.

పెళ్లికోటు బొత్తాల సందుల్లో కొలను నాచు ఎండి పట్టుకుని ఉంది. కత్తితో గీకుతూ పాస్కోను తిట్టాను. "ఆదివారం ఒక్కరోజు వేసుకునే కోటు, పాడు చేసుకొచ్చావు. బావికి పోవడానికి కోటెందుకయ్యా నీకు?"

ఆయన కూజా కోసం చెయ్యి చాస్తున్నాడు.

"బావికి కాదే," అన్నాడు. "పాదిరిగారింటికి గని బట్టలతో వెళ్తే ఏం బాగుంటుంది?"

కూజా అందుకుని వెళ్లిపోయాడు.

ఉర్సులా కలం ఆపింది. నేను కత్తి ఆపాను. "ఇది రాయనా?" అంది. రాయమన్నాను.

నేను ఆవును తెచ్చాను, గేటును తెచ్చాను, నా శవాన్ని కూడా తెచ్చాను. ఊరంతా నవ్వింది. ఇంత చేసి ఆయన్ను ఆ సభకు తీసుకురాకుండా కాపాడాననుకున్నాను. ఆయనేమో గడ్డం గీసుకుని, కోటేసుకుని, తనంతట తానే వెళ్లి అందరి ముందూ నిలబడి వచ్చాడు. నేను పాడిన పాటలన్నింటికీ మంద్రం కలుపుతూ ఎద్దులు ఎటు వెళ్లాయో వింటూ కూర్చున్నాడు. ముసలి దొంగ.

గుమ్మం దగ్గరి నుంచి కేక వేశాడు: "జెన్నా, ఇవాళ మబ్బుగా ఉందా?"

"ఉంది," అన్నాను. "కాస్త చూసుకుని వెళ్లు."

నేను ఆయన వెళ్తుంటే చూడలేదు. ఆయన దారి ఆయనకు తెలుసు, నాకు ఉతికే బట్టలున్నాయి.

చూశావు కదా అంటోంది ఉర్సులా. అబద్ధం తన చేత్తో రాయదట. సరే, చూశాను. రాయి దగ్గర ఆగాడు, చెయ్యి పెట్టాడు, తిరిగాడు. బావి మెట్ల వైపే తిరిగాడు అని రాయి.